మీ పిల్లలు ఏం చేస్తున్నారు?

మొదటి రోజు నేను ఇరవై ఆరు ఇళ్ళకు ఫోన్ చేశాను. ఇరవై ఐదు ఇళ్ళలో పిల్లలందరూ మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. ఇరవై ఆరో ఇంట్లో ఫోన్ ఎత్తింది ఒక చిన్నపాప. "మామయ్య ఇంక లేవలే, పండుకున్నడు" అని చెప్పి పెట్టేసింది. అప్పుడు టైమ్ పదకొండున్నర.

ఎల్బీ నగర్‌లో ఒక టైల్స్ షాపు పైన రెండు అంతస్తుల్లో మా డిగ్రీ కాలేజీ ఉంది. దానికి గ్రేడు ఇచ్చే కమిటీ రాబోతోంది. ఏడేళ్ళ కిందట, అంటే 2018లో డిగ్రీ అయిపోయినవాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారో ఆ కమిటీకి చెప్పాలి. మొత్తం నూట పన్నెండు మంది. ఫారంలో ఒక్కొక్కరి పేరు ఎదురుగా నాలుగు గళ్ళు: ఉద్యోగం, వ్యాపారం, పై చదువు, ఖాళీ. ఫోన్ చేసి, అడిగి, ఏదో ఒక గడిలో టిక్కు పెట్టడం నా పని.

నేనూ ఆ బ్యాచే. జాబితాలో నా నంబరు ఎనభై మూడు. నాకు నేను ఫోన్ చేసుకోనక్కర్లేదు కాబట్టి ఉద్యోగం గడిలో టిక్కు పెట్టి, పక్కన "మూడు నెలలు" అని రాసుకున్నాను.

డిగ్రీ అయ్యాక ఇది నా ఆరో ఉద్యోగం. దవాఖానలో బిల్లుల కౌంటరు, చీరల షాపులో స్టాకు రాయడం, కాన్పుకు వెళ్ళిన టీచరమ్మ బదులు పాఠాలు చెప్పడం, ఇలా ఐదు చేశాను. అన్నింట్లోనూ చేరిన రోజే చివరి రోజు ఎప్పుడో కూడా చెప్పేవారు. ఎప్పుడు అయిపోతుందో తెలియని ఉద్యోగం ఒక్కటైనా చేయాలని నాకు కోరిక.

ఆ సంగతి ప్రిన్సిపాల్ చక్రపాణి సార్‌కు తెలుసు. సార్ గోదావరి జిల్లా నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయింది. మాట మాత్రం ఇంకా అక్కడే ఉంది.

"చూడమ్మా జాస్మిన్," అన్నారు నన్ను చేర్చుకున్న రోజు. "గ్రేడు పెరిగిందనుకో, ఆఫీస్ అసిస్టెంట్ పోస్టు నీకే. పర్మనెంటు. పెరగలేదనుకో, నీకున్న మూడు నెలలూ అయిపోతాయి, నాకున్న మూడు వెంట్రుకలూ ఊడిపోతాయి."

అందుకని నేను శ్రద్ధగా ఫోన్లు చేశాను. వారం రోజుల్లో తొంభై ఏడు మంది దొరికారు. తొంభై మందికి ఉద్యోగాలున్నాయి. నూటికి తొంభై మూడు. సార్ ఆ కాగితాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివారు. "మన పాఠాలు ఇంత బాగుంటాయని నాకే తెలీదమ్మా" అన్నారు.

నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. ఆ బ్యాచ్‌లో నేనూ చదివాను కదా. చివరి బెంచీ మొత్తం బ్యాంకు మేనేజర్లయితే మరి ఆ బ్యాంకుల్లో ఖాతాలు తెరిచేది ఎవరు?

ఆ లెక్కలో మా బ్యాచ్ టాపర్ మహిపాల్ కూడా ఉన్నాడు, వాళ్ళింట్లో ఎవరో "ఆఫీసర్" అని మాత్రం చెప్పి పెట్టేశారు. వాళ్ళది నల్లగొండ దగ్గర ఊరు. సోమవారం మళ్ళీ చేస్తే వాళ్ళమ్మ అండాలమ్మ ఎత్తింది.

"అమ్మా, కాలేజీ నుంచి మాట్లాడుతున్న. మహిపాల్ ఇప్పుడు ఏం చేస్తున్నడమ్మా?"

అవతల టీవీ ఆగిపోయింది. ఎవరినో ఉష్ అన్నట్టు వినిపించింది. తర్వాత ఆమె గొంతే మారిపోయింది, బెల్లం పాకంలో ముంచి తీసినట్టుంది.

"మా మహిపాలా? డిప్యూటీ తాసిల్దారు బిడ్డా."

"ఎప్పటి సంది అమ్మా?"

"గిదే, మొన్న మొన్ననే. మంచి పిలగాడు. సిగరెట్ ముట్టడు, మందు ముట్టడు. చిన్నప్పుడు పాలు తాగనీకె గూడ నన్ను అడిగి తాగేటోడు."

ఇది ఏ గడిలో రాయాలో తెలియక ఆగాను. ఆమె ఆగలేదు.

"ఎత్తు గూడ మంచిగనే ఉంటడు. ఇంతకు మీదేవూరు బిడ్డా? మీ పిల్ల ఏం చదివింది?"

"ఏ పిల్లమ్మా?"

"అరె, నా తాన సిగ్గెందుకు? అందరు గట్లనే చేస్తరు. మొన్నొకామె గ్యాస్ ఏజెన్సీ నుంచి అన్నది. గ్యాసోళ్ళకు మా పిలగాని ఎత్తుతోని ఏం పని?"

నేను ఫోన్ పెట్టేశాక అసలు సంగతి అర్థమైంది.

మా దిక్కు పిల్లగాడి గురించి ఎవరూ నేరుగా అడగరు. సంబంధం అనుకోగానే ముందు ఒక ఎంక్వైరీ జరుగుతుంది. మెత్తటి గొంతు ఉన్న ఆడమనిషిని చూసి, ఆమెతో ఫోన్ చేయిస్తారు. ఆమె బ్యాంకు అనో, కరెంటు ఆఫీసు అనో చెప్పి, అబ్బాయి ఏం చేస్తాడని అడుగుతుంది. మా పిన్ని కూతురి కోసం మా అమ్మ ఎలీశమ్మే స్వయంగా పోస్టాఫీసు నుంచి అని చెప్పి మాట్లాడింది. అవతలివాళ్ళకు అది పోస్టాఫీసు కాదని తెలుసు. వాళ్ళకు తెలుసని మా అమ్మకూ తెలుసు. ఆ మర్యాద అందరూ పాటిస్తారు. నా గొంతు అసలే మెత్తన. తొంభై ఏడు ఇళ్ళకు నేను తొంభై ఏడు సంబంధాలు మోసుకెళ్ళానన్న మాట.

సరే, ముందే చెబితే పోతుందనుకున్నాను. తర్వాతి ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, ఇది పెళ్ళి గురించి కాదు" అని మొదలుపెట్టాను. ఆమె ఫోన్ పక్కకు పెట్టి ఇంట్లోకి కేకేసింది. "ఏమయ్యో, జల్ది రా! పెళ్ళి గురించి కాదంటున్నరు!"

మహిపాల్ దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉంటాడని ఒక ఫ్రెండ్ చెప్పింది. నా హాస్టలూ అక్కడే. సాయంత్రం మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల సందులోకి వెళ్ళాను. ఫుట్‌పాత్ మీద టార్పాలిన్ పరిచి, దాని మీద పాత పుస్తకాలు పేర్చి ఉన్నాయి. అన్నీ గ్రూప్స్ పుస్తకాలే. చరిత్ర, పాలిటీ, జనరల్ స్టడీస్. మధ్యలో స్టూల్ మీద మహిపాల్ కూర్చుని, ఒక అమ్మాయికి ఏ పుస్తకంలో ఏ పాఠం తప్పుగా ఉందో చెబుతున్నాడు. ఆ అమ్మాయి వెళ్ళాక నేను ముందుకు జరిగాను.

"నమస్తే, డిప్యూటీ తాసిల్దారు గారూ."

తలెత్తి, గుర్తుపట్టి నవ్వాడు. "మా అమ్మకు ఫోన్ చేసినవా?"

"చేసిన."

"పోయిన నెల తాసిల్దారునే ఉంటి. నీ గొంతు విని జర తగ్గించినట్టున్నది. ఓ స్టూలేసుకో జాస్మిన్, చాయ్ చెప్తా."

చాయ్ తాగుతూ అతను అసలు సంగతి చెప్పాడు. గ్రూప్స్ మూడుసార్లు రాశాడు. ఒకసారి ఐదు మార్కులతో పోయింది, ఒకసారి పరీక్షే రద్దయింది, ఒకసారి ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలియదు. రూమ్‌లో పుస్తకాలు ఎక్కువై పడుకోవడానికి చోటు లేకపోతే, కొన్ని తెచ్చి ఇక్కడ పెట్టాడు. సాయంత్రానికల్లా అయిపోయాయి. మళ్ళీ తెచ్చాడు. ఇప్పుడు సూర్యాపేట దాకా పార్సిళ్ళు వేస్తున్నాడు.

"నా తాన పుస్తకాలు కొన్నోళ్ళు తొమ్మిది మంది ఆఫీసర్లయిన్రు తెలుసా?" అన్నాడు గర్వంగా.

"మరి నిన్ను ఏ గడిల పెట్టాలె?"

"వ్యాపారంల పెట్టు. మా అమ్మకు మాత్రం చెప్పకు. సంబంధపోళ్ళకు నేను ఆఫీసర్‌ను. మా అమ్మకు ఇంక ప్రిపేర్ అయితున్న. నాకు ఒక్కనికే నేను షాపోణ్ణి."

నా కష్టం చెప్పాను. ఇళ్ళలో ఒక్కరూ నిజం చెప్పడం లేదన్నాను. మహిపాల్ గ్లాసు కింద పెట్టి ఆలోచించాడు.

"నిజం కావాల్నంటే ఇంట్లోళ్ళను అడగొద్దు. మనిషిని గూడ అడగొద్దు. వాని దోస్తును అడుగు. దోస్తు ఎప్పుడైన తక్కువ జేసే చెప్తడు. గా మాట అసలు మనిషికి చెప్పు. వానికి కోపమొస్తది. కోపంల ఉన్నది ఉన్నట్టు చెప్తడు."

"గట్ల చెప్తరా?"

"ఇప్పుడే చూడు. నన్నడుగు, సాయినాథ్ ఏం చేస్తున్నడని."

"సాయినాథ్ ఏం చేస్తున్నడు?"

"ఏం చేస్తడు, ఖాళీ. బైకేసుకొని ఊరు మీద తిరుగుతడు."

సాయినాథ్ తండ్రి ఫోన్‌లో నాకు చెప్పింది సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అని. బీకామ్ చదివి సాఫ్ట్‌వేర్ ఎలా అని అడిగితే, "తెలివైనోడు" అన్నాడాయన. నేను సాయినాథ్ నంబరు తీసుకుని ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాను.

"సాయినాథ్, నేను జాస్మిన్‌ను, మన బ్యాచ్. కాలేజీల వివరాలు రాస్తున్న. నువ్వు ఖాళీగ తిరుగుతున్నవంట కదా, మహిపాల్ చెప్పిండు."

"ఎవడు? ఆ చిత్తు కాగితాలోడా?" అవతలి నుంచి గొంతు పేలింది. "వానికేం తెల్సు! వనస్థలిపురంల పదకొండు అపార్ట్‌మెంట్ల లిఫ్టులు నా చేతుల నడుస్తయి. నేను ఒక్క రోజు పండుకుంటే ముసలోళ్ళందరు మెట్ల మీదనే ఉంటరు! ఆగు, ఫోటో పంపుతా."

నిమిషంలో ఫోటో వచ్చింది. హెల్మెట్ పెట్టుకుని, చేతిలో స్పానర్‌తో, లిఫ్టు గోతిలో నిలబడి ఉన్నాడు. మహిపాల్ ఆ ఫోటో చూసి, "మంచిగున్నడు గాడిద" అన్నాడు ప్రేమగా.

ఆ తర్వాత నెల రోజులు నేను అదే పద్ధతిలో పనిచేశాను. పొద్దున దోస్తులను అడగడం, మధ్యాహ్నం కోపం తెప్పించడం, సాయంత్రం ఫోటోలు అతికించడం. ఎప్పుడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని నేను రోజుకు ముగ్గురు నలుగురితో తిట్లు తిన్నాను. పోల్చి చూస్తే తిట్టినవాళ్ళందరూ నిజమే చెప్పారు. ఆస్పత్రిలో మేనేజర్ అని ఇంట్లోవాళ్ళు చెప్పిన రమ్య మూసారాంబాగ్‌లో బ్లౌజులు కుడుతోంది, ఆమె దగ్గర ముగ్గురు పనిచేస్తున్నారు. రైల్వేలో ఆఫీసర్ అన్న ఇశ్రాయేలు కాలేజీ బస్సు నడుపుతున్నాడు. బస్సు ముందు నిలబడి, భుజాల మీద నుంచి ఎండ పడేలా చూసుకుని ఫోటో దిగాడు. నాలుగు గళ్ళలో దేనిలోనూ పట్టనివాళ్ళు ఇరవై ముగ్గురు తేలారు. ఏడేళ్ళుగా పరీక్షలకు చదువుతూనే ఉన్నారు. వాళ్ళను ఖాళీ అంటే పొద్దున్నే లైబ్రరీ ముందు వరసలో నిలబడేవాళ్ళకు అన్యాయం. అందుకే స్కేలు పెట్టి ఐదో గడి గీసి, "ప్రిపరేషన్" అని రాశాను.

చివరికి ఉద్యోగాలు, వ్యాపారాలు కలిపి యాభై ఐదు మంది. నూటికి యాభై ఏడు.

చక్రపాణి సార్ ఫైలు చూసి కుర్చీలో వెనక్కి వాలారు.

"యాభై ఏడా? మొన్న తొంభై మూడన్నావు కదమ్మా! నెల రోజుల్లో ఇంతమందికి ఉద్యోగాలు ఎలా ఊడాయి?"

"అప్పుడు ఇళ్ళల్ల చెప్పింది సార్ అది. ఇది వాళ్ళు నిజంగ చేసేది."

"కన్నతల్లి చెప్పిందే నిజం. తల్లికంటే నీకెక్కువ తెలుసా? తొంభై మూడే ఉంచు. ఈ ఫైలు బీరువాలో పెట్టెయ్. నీ పోస్టు సంగతి కూడా ఆలోచించుకో మరి."

ఫైలు బీరువాలో పెట్టాను. తాళం నా దగ్గరే ఉంది.

కమిటీ వచ్చింది. ముగ్గురు. ఇద్దరు సార్లు సమోసాల దగ్గర స్థిరపడ్డారు. పని చూసింది మాత్రం అమ్మాజీ మేడం, రిటైరైన ప్రొఫెసర్. తెల్ల జుట్టు, కాటన్ చీర, అత్తగారిలాంటి గొంతు. తొంభై మూడు అన్న అంకె తెర మీద కనబడగానే ఆమె చాయ్ కప్పు పక్కన పెట్టారు.

"చాలా బావుందండీ. ఆధారాలు చూపించండి."

సార్ నా వైపు చూశారు. ఆధారాలన్నవి ఒక్క ఫైల్లోనే ఉన్నాయి. వేరే దారి లేక, బీరువా తెరిచి తెచ్చిపెట్టాను. మేడం ఫోటోలు తిప్పుతూ, చివరి పేజీలో ఆగారు.

"ఇదేంటండీ? తెర మీద తొంభై మూడు, ఫైల్లో యాభై ఏడు?"

"అమ్మాయి కొత్తదండీ, తక్కువగా రాసేసింది," అన్నారు సార్. "మీకనుమానమైతే పిల్లల ఇళ్ళకే ఫోన్ చేసి కనుక్కోండి. ఇళ్ళలో ఏం చెబితే అదే ఖాయం."

మేడం జాబితా మీద వేలు పెట్టి, మహిపాల్ ఇంటి నంబరు నొక్కారు. స్పీకర్ పెట్టారు. "కాలేజీ కమిటీ నుంచి మాట్లాడుతున్నానమ్మా. మీ అబ్బాయి మహిపాల్ ఏం చేస్తుంటాడు?" ఆ గొంతు విన్నాక అండాలమ్మకు ఇక అనుమానమే మిగల్లేదు. డిప్యూటీ తాసిల్దారు, జీపు, అటెండరు, అన్నీ చెప్పింది. సార్ ముఖం వెలిగిపోయింది.

"మరి ఈ ఫోటోలో పుస్తకాలు అమ్ముతున్నాడేంటండీ?"

"డ్యూటీ అయ్యాక సేవ చేస్తాడండీ," అన్నారు సార్ తడుముకోకుండా. "ఇంకొకరికి చెయ్యండి. ఎవరికైనా."

మేడం కళ్ళు మూసుకుని, జాబితా మీద వేలు ఆనించారు. ఎనభై మూడు.

అది నేనే. జాబితాలో ఉన్నది మా ఊరి నంబరు. చెప్పేలోపే రింగవుతోంది.

"ప్రైజ్ ద లార్డ్, ఎవరమ్మా?" మా అమ్మ.

"కాలేజీ కమిటీ నుంచమ్మా. మీ అమ్మాయి జాస్మిన్ ఏం చేస్తోందిప్పుడు?"

ఒక్క క్షణం ఆగింది మా అమ్మ. ఆ క్షణంలో ఆమె చెంగు సర్దుకుని, నిటారుగా నిలబడి ఉంటుందని నాకు తెలుసు.

"మా బిడ్డ హైదరాబాద్‌ల కాలేజీల పెద్ద ఆఫీసరమ్మా. పర్మనెంటు. ప్రభువు దయవల్ల ఏ లోటు లేదు. ఆ ప్రిన్సిపాల్ ఉన్నడు సూడు, మా పిల్లనడగంది కుర్చీల గూడ కూసోడు."

సార్ కుర్చీలో కొంచెం కదిలారు.

"వంట గూడ వస్తదమ్మా. మాట మెత్తన. ఎవర్నీ ఏమనదు. మీ బాబేం జేస్తడు?"

మేడం మర్యాదగా ఫోన్ పెట్టేసి, జాబితా చూసి, నన్ను చూశారు. "జాస్మిన్ అంటే నువ్వేనా?"

"ఔను మేడం."

"మీ అమ్మగారు పర్మనెంటంటున్నారు. నువ్వేమో మూడు నెలలని రాశావు. ఏంటండీ ప్రిన్సిపాల్ గారూ?"

సార్ నుదురు తుడుచుకున్నారు. ఇళ్ళలో చెప్పిందే ఖాయమని అన్నది ఆయనే. కాదంటే తొంభై మూడు కూలిపోతుంది. "పర్మనెంటేనండీ," అన్నారు. "ఆర్డరు టైపవుతోంది. రేపు సంతకం పెట్టేస్తాను. అంతేనా జాస్మిన్?"

అందరూ నా వైపు చూశారు. సమోసాల సార్లు కూడా. నేను ఊఁ అంటే చాలు. ఊఁ అనకపోయినా, ఎప్పటిలాగే తల వంచుకుని నిలబడినా చాలు. ఏడేళ్ళుగా అడుగుతున్నది టేబుల్ మీద పెట్టి ఇస్తున్నారు. కానీ నేను తల ఊపితే, తిట్లు తిని రాసుకున్న ఆ తొంభై ఏడు వరసలూ అబద్ధమైపోతాయి. లిఫ్టు గోతిలో సాయినాథ్, బస్సు ముందు ఇశ్రాయేలు, ఐదో గడిలో ఇరవై ముగ్గురు.

"లేదు మేడం," అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను టెంపరరీ. ఈ నెలాఖరుకు అయిపోతది. మా అమ్మ అబద్ధం చెప్పలే మేడం, మీది పెళ్ళి ఎంక్వైరీ అనుకున్నది. అందరి ఇళ్ళల్ల గట్లనే అనుకుంటరు. అందుకే ఇళ్ళల్ల అడిగింది కొట్టేసి, మళ్ళ రాసిన."

మేడం మొదట పెదవులు బిగించారు, తర్వాత కళ్ళజోడు తీశారు, తర్వాత భుజాలు కదిలేలా నవ్వారు.

"నేనూ చేశానమ్మా! మా చెల్లెలి కూతురికి. ఎల్‌ఐసీ నుంచి అని చెప్పాను. ఆ కుర్రాడు సైంటిస్టన్నారు, తీరా చూస్తే మెడికల్ షాపు." కళ్ళు తుడుచుకుని ఫైలు దగ్గరికి లాక్కున్నారు. "బాగా చూసుకుంటున్నాడులే. ఈ ఐదో గడి ఏంటో చెప్పు."

గంటసేపు చెప్పాను. అంతసేపు నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

నెలాఖరుకు నా మూడు నెలలూ అయిపోయాయి. చక్రపాణి సార్ నాతో మాట్లాడటం అంతకు ముందే మానేశారు. బ్యాగు సర్దుకుని హాస్టల్‌లో కూర్చున్నాను. రెండు వారాలకు ఆయనే ఫోన్ చేసి రమ్మన్నారు.

కమిటీ రిపోర్టు టేబుల్ మీద ఉంది. గ్రేడు పెరగలేదు, తగ్గలేదు. ఏడో పేజీలో ఒక వాక్యం కింద సార్ ఎర్ర పెన్నుతో గీత గీశారు: పూర్వ విద్యార్థుల వివరాలు సేకరించిన పద్ధతి నమ్మదగినది, దీనిని ఏటా కొనసాగించవలెను.

"ఏటా అంటోందమ్మా ఆ మేడం," అన్నారు సార్ దిగులుగా. "వచ్చే ఏడు మళ్ళీ చూస్తానని రాసింది. ఇంకెవరికి చెప్పినా సంబంధాలు కుదిర్చి పెడతారు తప్ప పని చెయ్యరు. రేపట్నించి వచ్చెయ్."

"ఎన్ని నెలలు సార్?"

"ఏటా అని రాసిందిగానీ ఎన్నేళ్ళో రాయలేదు కదమ్మా. నన్నేం రాయమంటావు?" ఆర్డరులో చివరి తేదీ దగ్గర పెన్ను కాసేపు ఊగించి, ఖాళీ వదిలేసి, సంతకం పెట్టారు.

మెట్రో స్టేషన్ మెట్ల మీద నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. ఉద్యోగం వచ్చిందని చెప్పాను.

"నేను ఆ రోజే చెప్పిన కదనే వాళ్ళకు," అంది. ఆమెకు ఇందులో కొత్త ఏమీ లేదు. "ఆ పెద్దామె మళ్ళ ఫోన్ చేస్తలేదు. ఏమైందో."

ఆ పెద్దామె ఎవరో, ఎందుకు ఫోన్ చేసిందో, ఆ గదిలో ఎవరెవరు విన్నారో అంతా చెప్పాను. అమ్మ గొంతు తగ్గించి, "ఓ ప్రభువా" అంది. సిగ్గుపడుతోందనుకున్నాను.

"అయితే ఆమెకు కొడుకు లేడా?" అంది చివరికి.

"నాకేం తెలుసు?"

"గంటసేపు మాట్లాడినవు, గా ఒక్క ముచ్చట అడగకపోతివి!" అని ఫోన్ పెట్టేసింది.